తెల్లగా వచ్చిన చిలప

నేను మొండిదాన్ని. అమ్మ ఆ మాట తిట్టులా అంటుంది, నేను మాత్రం మెప్పుగానే తీసుకుంటాను. ఆ మొండితనమే లేకపోతే మంగళగిరి శివార్లలో నాన్న అద్దకం షెడ్డుకి ఈపాటికి తాళం పడి ఉండేది.

మాది చీరలు నేసే ఇల్లు కాదు, నేసేవాళ్ళకి నూలు అద్ది ఇచ్చే ఇల్లు. ఆ వారం మగ్గాల మీద ఏ రంగు చీరలున్నాయో నాన్న గోళ్ళు చూసి చెప్పేదాన్ని. అద్దగా మిగిలిన నీళ్ళు షెడ్డు వెనక గుంటలోకి పోయేవి. ఒక వానకి ఆ గుంట పొంగి, నీలం నీళ్ళు పక్కనున్న మిరపచేలో పడ్డాయి. తెల్లారేసరికి చేను గలాయన మా వాకిట్లో ఉన్నాడు.

"ఏమయ్యా, నా మిరపకి కూడా రంగులద్దుతావా? ఇంకొక్కసారి నీ నీళ్ళు నా గట్టు దాటాయంటే మున్సిపాలిటీ వాళ్ళని తీసుకొచ్చి షెడ్డు మూయిస్తా!"

నాన్న తలొంచుకున్నాడు. తప్పు మాదే, కాదనను. కానీ తప్పు దిద్దుకునే దారి వెతక్కుండా షెడ్డు మూసుకోమంటే నాకు ఒళ్ళు మండింది.

గుంటూరులో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో నా ఉద్యోగం. ఫెర్రేట్ సంగతి నాకు అక్కడే తెలిసింది. ఇనుప లవణాన్ని కాస్టిక్‌తో, బ్లీచింగ్ ద్రావణంతో చల్లగా కలిపితే వచ్చే ముదురు ఊదా రంగు మందు అది. నీళ్ళలో పోస్తే ముందు అందులోని రంగుని విరగ్గొడుతుంది. తర్వాత తనే తుప్పుగా మారి, మిగిలిన మురికిని ముద్దకట్టి అడుక్కి దించుతుంది. నిలవ ఉండదు, ఏ రోజుది ఆ రోజే వాడుకోవాలి. అందుకే కళ్ళద్దాలు, తొడుగులు వేసుకుని, ఐసు ముక్కల తొట్టిలో గాజు జాడీ పెట్టి, షెడ్డులోనే కలిపాను.

నాన్న తొంగి చూశాడు. "ఏమే, రంగు పోగొట్టడానికి ఇంకో రంగు పోస్తావా?"

"చూస్తూ ఉండు నాన్నా."

పొగరు కొద్దీ ఆ చేను గలాయన్ని కూడా పిలిచాను. ఆయన ముందే, డ్రమ్ములో పట్టి ఉంచిన అద్దకం నీళ్ళలో ఫెర్రేట్ పోశాను. ఊదా రంగు పడీపడగానే మాయమైంది. నీళ్ళు కాసేపు పచ్చపచ్చగా ఉండి, కర్రతో కలిపేకొద్దీ మళ్ళీ నీలం పైకి తేలింది.

"చదువుకున్న పిల్ల కదా, ఇంకాస్త మంచి నీలం తీసింది!" అని ఆయన పగలబడి నవ్వుతూ వెళ్ళిపోయాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. జాడీ కడుగుతుంటే మూత తీసి ఉన్న హైడ్రోస్ డబ్బా కనబడింది.

"నాన్నా, ఆ డ్రమ్ములో ఏమన్నా వేశావా?"

"గుప్పెడు హైడ్రోస్ వేశానే. నీకు పని తేలికవుతుందని."

నూలు మీద రంగు తప్పుగా పడితే దాన్ని దించడానికి అద్దకంవాళ్ళ చెయ్యి అలవాటుగా వెళ్ళేది ఆ డబ్బా మీదికే. అయితే హైడ్రోస్‌కీ ఫెర్రేట్‌కీ ఆజన్మ వైరం. నా మందు బలమంతా దానితో కొట్లాడటానికే ఖర్చయిపోయింది. రంగు పోలేదు, దాక్కుంది. గాలి తగలగానే బయటికొచ్చింది. ముందు కోపం వచ్చింది, ఆ వెంటే ఏడుపు వచ్చింది. ఆయన నాకు సాయం చేద్దామనుకున్నాడు మరి.

మర్నాడు సెలవు పెట్టాను. డ్రమ్ములో నీళ్ళని హైడ్రోస్ పూర్తిగా చచ్చేదాకా గాలికి చిలికాను. కాస్టిక్ ఘాటు కాస్త తగ్గించి, అప్పుడే కలిపిన ఫెర్రేట్ కొంచెం కొంచెంగా పోశాను. ఈసారి ఊదా రంగు నిలబడింది, నెమ్మదిగా వెలిసింది. మధ్యాహ్నానికి తుప్పు రంగు మడ్డి అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటపడ్డాయి.

నాన్న కంటిని నమ్మడు. అద్దిన నూలు జాడించేటప్పుడు ఆఖరి నీళ్ళలో చుట్టగా చుట్టిన ఒక తెల్ల నూలు చిలప ముంచి చూస్తాడు, దానికి రంగు అంటకపోతేనే జాడింపు అయినట్టు. ఇప్పుడూ అదే చేశాడు. చిలప ముంచి, పిండి, ఎండలో దులిపాడు. తెల్లగా ఉంది. తర్వాతి వాయి నూలు ఆ నీళ్ళలోనే జాడించాడు.

అప్పట్నుంచి మా నీళ్ళు మాకే తిరుగుతున్నాయి. మడ్డి మాత్రం గోనెల్లో కట్టి షెడ్డులోనే ఉంచాం, దాన్ని ఏం చెయ్యాలో ఇంకా తేలలేదు. తేలుస్తాను.

మొన్న ఆఖరి కోతల ముందు బోర్లు అడుగంటితే, చేను గలాయన మళ్ళీ వచ్చాడు. తేటనీళ్ళ తొట్టి వంక చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్, ఆ నీళ్ళు మా మిరపకి ఒక తడి పెట్టనివ్వరాదూ?"

"ఇవ్వను బాబాయ్. రంగు పోయింది గానీ మందుల్లోని ఉప్పు పోలేదు, మీ మొక్క దెబ్బతింటుంది. అయినా ఒక్క చుక్క కూడా మీ గట్టు దాటకూడదని మీరే అన్నారుగా."

ఆయన నాన్న వైపు తిరిగాడు, పెద్దాయన మెత్తబడతాడేమోనని. ఇదే వాకిట్లో తలొంచుకున్న నాన్న ఈసారి తలెత్తే ఉన్నాడు.

"నన్నడిగితే ఎట్టాగయ్యా? షెడ్డు నాది, నీళ్ళు మా అమ్మాయివి."