అత్తమ్మ పాదం, అంబాసిడర్ వేడి

మా అత్తమ్మ పూలమ్మకు రెండు పట్టుదలలు. కొత్తవాడలో తనలాగా జంపఖానా నేసే చెయ్యి ఇంకొకటి లేదని అందరూ ఒప్పుకోవాలి. తన పాదం మంచిది కాదని కూడా అందరూ ఒప్పుకోవాలి. మొదటిదాన్ని నేను ఏనాడూ కాదనలేదు. రెండోదాని మీద మాత్రం కాపురానికి వచ్చినప్పటి నుంచి పోట్లాడుతూనే ఉన్నాను.

ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొద్దికాలానికే మా మామ పోయాడట. మా ఆయన పాండురంగం అప్పటికి పాలు మరవని పిల్లాడు. "దీని పాదమే నా కొడుకును మింగింది" అన్నదట ఆమె అత్త. ఆ ముసలామె ఎప్పుడో పోయింది, మాట మాత్రం పోలేదు. పెళ్లికి వెళ్తే అత్తమ్మ వెనక వరసలో కూచుంటుంది. గృహప్రవేశానికి పిలిస్తే వాకిట్లోనే నిలబడి ఇల్లు మెచ్చుకుని వచ్చేస్తుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఒంటిచేత్తో మగ్గం నేసి కొడుకును పెంచి, జంపఖానాల దుకాణం పెట్టించిన మనిషి పాదం చెడ్డదైతే, ఇక మంచి పాదం ఎవరిదమ్మా?

మాకో పాత తెల్ల అంబాసిడర్ ఉంది. దాని మీద మా ఆయనకున్న ప్రేమలో సగం నా మీద ఉన్నా చాలని నేను ఎప్పుడో సర్దుకున్నాను. మా బిడ్డ మానసను పాలకుర్తిలో ఇచ్చాం. వెళ్లినా వచ్చినా ఆ కారులోనే. ఈ ఎండాకాలం దానికో రోగం పట్టుకుంది. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కేది, బానెట్ కింది నుంచి ఆవిరి లేచేది. కారు పక్కకు తీసేవాళ్లం. అందరికంటే ముందు అత్తమ్మ దిగి, కారు మూతికి కట్టిన చిన్న జంపఖానాను విప్పి, మీద నీళ్లు పడకుండా సంచిలో దాచుకునేది. ఊరికి పోయేటప్పుడు కారు ముఖాన దుమ్ము కొట్టొద్దని ఉగాదికి ఆమే నేసి, నాడాలు కుట్టిన ముక్క అది. ఇంజన్ చల్లారాక నీళ్లు పోసుకుని మెల్లగా బయలుదేరితే ఇక ఏ పేచీ ఉండేది కాదు.

మెకానిక్ కొమురెల్లి చూడని చోటు లేదు. రేడియేటర్ కడిగాడు, పైపులు మార్చాడు, ఫ్యాన్ బెల్టు బిగించాడు. చివరికి మా ఆయనను కూచోబెట్టుకుని ఘన్‌పూర్ దాకా నడిపి చూశాడు. ముల్లు సగం దాటలేదు. తిరిగొచ్చి అత్తమ్మ ముందే, "ఏం ఫికర్ లేదన్నా, బండి మంచిగనే ఉన్నది" అన్నాడు. పాపం అతనికేం తెలుసు, అది పుండు మీద కారం చల్లడమని.

"చూసినవా సుగుణా," అన్నది అత్తమ్మ, "నేను ఎక్కకుంటె ఉడుకుతలేదు."

అప్పుడే మానసను కాన్పుకు తీసుకురావాల్సిన రోజు దగ్గరపడింది. అత్తమ్మ ఆ పుట్టబోయే బిడ్డకు మెత్తని బొంత కూడా కుట్టి పెట్టింది. కానీ "నేను రాను, నిండు మనిషి ఎక్కే బండి, తొవ్వల ఆగితె ఎట్ల?" అని మొండికేసింది. అక్కడ ఫోన్‌లో మానసదీ అదే మొండి. "బాపమ్మ రాకుంటె నేను ఎక్క. ఈడనే కంట."

నాకు తిక్క రేగింది. మానసకోసం బయలుదేరాల్సిన ముందు రోజు కొమురెల్లిని పిలిచాను. "ఎప్పటిలెక్కనే పోదాం. అదే తొవ్వ, అదే సామాను. అత్తమ్మ ఒక్కతి మాత్రం బండిల ఉండొద్దు. ఆమె సీట్ల నేను కూసుంట" అన్నాను. సంచి పెట్టాను, నీళ్ల క్యాను పెట్టాను, ఆమె కట్టినట్టే జంపఖానాను నాలుగు ముళ్లేసి కారు మూతికి కట్టాను. కొమురెల్లి వెనక నుంచి వచ్చి బండెక్కాడు.

ఘన్‌పూర్ రాకముందే ముల్లు ఎర్రగీత ఎక్కింది. నేను చప్పట్లు కొట్టాను. మా ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

కొమురెల్లి దిగి ముందుకు వెళ్లి ఆగిపోయాడు. "వదినా, గిదేంది? గిది నేను ఎన్నడు సూడలే."

ఎలా చూస్తాడు? కారు అతని షెడ్డుకు చేరేసరికి అది ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది. అతను దాన్ని విప్పి నోటికి ఆనించి గట్టిగా ఊదాడు. అవతలి వైపు చెయ్యి పెట్టి చూసి తల ఊపాడు. "ఒక్క జర గాలి పోతలేదన్నా. రేడియేటర్‌కు ఊపిరి ఆడకుంటె నీళ్లు ఎట్ల సల్లబడ్తయి?" చల్లార్చి, అది లేకుండా పాలకుర్తి పొలిమేర దాకా నడిపాం. ముల్లు సగంలోనే బుద్ధిగా నిలబడింది.

నేను గెలిచినంత సంబరపడ్డాను. మా ఆయన మాత్రం దిగులుగా, "అమ్మకు చెప్పొద్దు సుగుణా. ఆమె నేసిన దానితోనే అయిందంటె ఇంకింత కుములుతది" అన్నాడు. అది నాకు తట్టనే లేదు. బెల్టు మార్చామని చెబుదామని, ఆ ముక్కను ఆమె సీటు మీద పరుద్దామని అనుకున్నాం.

కానీ మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లవారి బయలుదేరేటప్పుడు అత్తమ్మ, "ముంగట కట్టలేదేందిరా?" అని అడిగింది, అంతే. తేలు కుట్టిన దొంగలా "అది... ఎండకు రంగు..." అని నసిగాడు. ఆమె నా వైపు తిరిగింది. నేను ఆమెతో పోట్లాడని రోజు లేదు గానీ అబద్ధం ఆడిన రోజూ లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"గాలి దూరలేదా?"

"దూరలేదత్తమ్మా. కొమురెల్లి నోటితోటి ఊదిండు."

"జరంత కూడ?"

"జరంత కూడ."

జంపఖానాను చేతిలోకి తీసుకుని ఎండకు ఎత్తి పట్టుకుంది. బొటనవేలితో పోగులు నిమిరింది. దుకాణానికి వచ్చినవాళ్లకు తన పనితనం చూపించేటప్పుడు ఆమె ముఖంలో ఒక వెలుగు ఉంటుంది, అది వచ్చింది. "గంత గట్టిగ కొట్టిన మరి పోగు" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది.

"అయితె తప్పు చేతిదన్నట్టు."

"చేతిదే."

"పాదానిది కాదు."

"కాదత్తమ్మా."

అరుగు మీద కూలబడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "గిట్ల జర చూసి చెప్పెటోళ్లు ఆనాడు ఒక్కలన్న లేకపాయెనే, సుగుణా" అన్నది. పక్కన కూచుని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

కాసేపటికి ఆమే లేచి ముక్కు చీదుకుని, అందరికంటే ముందు కారెక్కి కూచుంది. "బండి తియ్యిరా రంగా. పిల్ల ఎదురుచూస్తాంది" అన్నది.