బ్రెడ్ ఫుల్

పొలం లేదు, గేదె లేదు, అయినా దాన్ని విలేజ్ అనేవారు. వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్ ఊరి చివర, రైలు స్టేషన్ ఎదురుగా ఒక మాంసం కొట్టు, ఒక మందుల షాపు, ఒక పాత కమ్యూనిటీ హాలు, వాటి పక్కన మంగతాయారు ఆంటీ డెయిరీ. వచ్చిన కొత్తలో డెయిరీ అంటే పాలకేంద్రం అనుకుని, గిన్నె తెచ్చుకోవాలా అని అడిగాను కూడా. తీరా చూస్తే మన వీధి చివరి చిల్లర కొట్టే. చదువుకునే రోజుల్లో ఆ కొట్టు పైనున్న ఫ్లాట్‌లో అద్దెకుండేదాన్ని. అంత కమ్మటి రోజులు నాకు మళ్ళీ రాలేదు, చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

ఆంటీది తణుకు. భర్త శ్రీనివాసులు అంకుల్ బస్సు నడిపేవారు, కొట్టు మాత్రం ఆవిడ రాజ్యం. పొద్దున్నే కర్రీపఫ్‌ల్లాంటి వేడి పైల వాసన, అగరొత్తి వాసన కలిసి మెట్ల మీదుగా నా గదిలోకి వచ్చేవి. అదే నాకు అలారం.

ఆంటీ నోట ‘లేదు’ అన్న మాట వచ్చేది కాదు. కొట్లో కూర్చుని లేదంటే లక్ష్మి అలిగి వెళ్ళిపోతుందట. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం కదా, ఆ మర్యాదని ఆవిడ ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించేసింది. ఎవరైనా బ్రెడ్ అడిగితే ఖాళీ అర చూపించి, నవ్వుతూ “బ్రెడ్ ఫుల్” అనేది. అసలే తెల్లవాళ్ళు, మొదట్లో పాపం ఇంకా తెల్లమొహం వేసేవారు. తరవాత్తరవాత వాళ్ళే గుమ్మంలోంచి “మంగా, మిల్క్ ఫుల్లా?” అని అడిగి, ఆవిడ తలూపగానే వెనక్కి తిరిగేవారు. ఒకసారి సరిదిద్దబోయాను.

“ఊరుకోవే నిరుపమా, వాళ్ళకర్థమవుతోందిగా. మధ్యలో నీకొచ్చిన బాధేంటి?” అని కసిరింది.

2014లో ఒక కంపెనీ, ఆ హాలు కూల్చి పెద్ద సూపర్‌మార్కెట్ కడతామని కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టింది. విలేజ్ భగ్గుమంది. ప్రతి కిటికీలో ‘మాకొద్దు’ అని బోర్డు. రిటైరైన టీచర్ షర్లీ అందరినీ కూడగట్టింది. ట్రాఫిక్ పెరుగుతుందని ఒకరు, ఊరి అందం పోతుందని ఇంకొకరు. ఆంటీ బెంగ వేరు.

“రోజూ ఇంతమంది గుమ్మం తొక్కుతారు. ఆ మొహాలు చూడకపోతే నాకు పొద్దెలా గడుస్తుందే? అది వస్తే ఇటెవరొస్తారు?” అని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

విచారణ ఆ హాల్లోనే పెట్టారు. షర్లీ బలవంతం మీద ఆంటీ పట్టుచీర కట్టుకుని మాట్లాడటానికి లేచింది. నెమ్మదిగా మొదలుపెట్టి, ఆఖర్న గొంతు పెంచి, “దే కమ్, వన్ ఇయర్, మై షాప్ ఫుల్. బుచర్ ఫుల్. హోల్ విలేజ్ ఫుల్!” అంది.

కంపెనీ లాయరు మొహం వెలిగిపోయింది. “థాంక్యూ. మేం చెబుతున్నదీ అదే, మేం వస్తే ఊరు కళకళలాడుతుంది” అన్నాడు. విచారణ జరిపే పెద్దమనిషి రాసుకోబోయాడు.

షర్లీ దిగ్గున లేచింది. “ఆగండి సర్. మా ఊళ్ళో ఫుల్ అంటే ఏమీ మిగల్లేదని అర్థం.”

“ఎప్పట్నించి?” అన్నాడాయన.

“మంగ వచ్చినప్పట్నించి.”

హాలంతా గొల్లున నవ్వింది, ఆ వెంటే అవునవునని కేకలు. మా తణుకు ఆంటీ మర్యాద కోసం అంతమంది కివీలు సాక్ష్యం పలుకుతుంటే నాకు ఏడుపాగలేదు.

కొన్నాళ్ళకి సూపర్‌మార్కెట్‌కి అనుమతి ఇవ్వలేదని తెలిసింది. హాలు ముందు సాసేజీలు కాల్చారు, ఆంటీ పులిహోర కలిపింది, గెలిచామని ఒకటే కౌగిలింతలు. మర్నాడు శనివారం. విలేజ్ విలేజంతా కార్లెక్కి, ఎప్పటిలాగే, లోవర్ హట్ నడిబొడ్డునున్న పెద్ద సూపర్‌మార్కెట్‌కి వారం సరుకులకి వెళ్ళింది. ‘మాకొద్దు’ బోర్డున్న ఇళ్ళవాళ్ళూ వెళ్ళారు. అక్కడ మర్చిపోయిన పాలసీసా కోసం మాత్రం సాయంత్రం ఆంటీ దగ్గరికొచ్చారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మీటింగులకి దొరికిన తీరిక బ్రెడ్డు కొనడానికి దొరకలేదు!

పాలసీసాల మీద కొట్టెన్నాళ్ళు నడుస్తుంది? 2016లో ఆంటీ కొట్టు ఎత్తేసింది. అప్పటికి నేను వెల్లింగ్టన్‌లో ఉద్యోగంలో ఉన్నాను. ఆఖరి రోజని తెలిసి రైలెక్కి వచ్చాను. విలేజంతా పూలగుత్తులతో బారులు తీరి ఉంది. అంత జనాన్ని ఆ కొట్లో నేనెప్పుడూ చూడలేదు.

షర్లీ ఆవిడ చేతులు పట్టుకుని, “నీకోసం అంత పోరాడాం కదా మంగా, ఇప్పుడేం చేస్తావు?” అంది.

హట్‌లో ఆ పెద్ద సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ పని దొరికిందని, సోమవారం నించి చేరుతున్నానని ఆంటీ చెప్పింది. పూలగుత్తులు పట్టుకున్నవాళ్ళంతా తలలు దించుకున్నారు. ఎందుకో ఆవిడకి తెలియలేదు. ఎత్తిపొడుపు కాదు, ఆవిడ మొహంలో నిజంగానే సంబరం.

“అక్కడికైతే మీరంతా వస్తారు కదా షర్లీ. మళ్ళీ అందరినీ చూడొచ్చు.”