రామకోటయ్య గారు పంచిన కార్డులు

రైల్లో ఎవరైనా పేకముక్కలు పంచుతుంటే ఆ చప్పుడుకు చేతిలో పుస్తకం మూసేస్తాను. నరసరావుపేటలో ఒక చిన్న గ్రంథాలయం నడిపిన రామకోటయ్య గారు గుర్తొస్తారు. ఆయన పేకాట ఎరగరు. కంప్యూటరునూ చూడలేదు. యంత్రాల వేగం గురించి రాసేవాళ్లకు ఆయన పేరు తెలిసే అవకాశం లేదు. కాబట్టి నేనే రాయాలి.

ఎనభైల్లో నేను నూలు మిల్లులో షిఫ్టు దిగి, నిఘంటువు పక్కన పెట్టుకుని అక్కడి ఇంగ్లీషు సైన్సు పత్రికలు చదివేవాణ్ణి. ఒక పత్రికలో కొత్తరకం యంత్రం గురించి వచ్చింది. అందులో ఒక్క పెద్ద ప్రాసెసరుకు బదులు చిన్నవి చాలా ఉంటాయి, దేని డిస్కు దానిదే. ప్రశ్న ఒకటే, అన్నీ ఒకేసారి తమ తమ వాటాలో వెతుకుతాయి. అర్థమైనందుకు గర్వంగా ఆయనకు చెప్పాను. "బాగుందయ్యా. వాటా ఎట్లా వేస్తారో రాశారా?" అన్నారు. రాసే ఉంటారు. ఆ పేజీ నేను దాటేశాను.

గ్రంథాలయంలో రక్తదాతల కార్డులు ఇంటిపేర్ల అక్షరాల వరసలో ఉండేవి. ఒక మధ్యాహ్నం ఒకతను పరుగెత్తుకొచ్చాడు. భార్యకు కాన్పులో రక్తం పోతోంది, ఓ నెగెటివ్ వెంటనే కావాలి. గ్రూపు ప్రతి కార్డులోనూ అడుగున రాసి ఉంటుంది కాబట్టి కార్డులన్నీ చూడాల్సిందే. ఉన్నది ఎనిమిదిమందిమి. నేను ముందుకొచ్చి, అక్షరాలను ఎనిమిది వాటాలు చేసి తలా ఒక డబ్బా ఇచ్చాను.

కాసేపటికి ఏడుగురం ఖాళీ. బట్టలు కుట్టుకుంటూ వారపత్రికల కోసం వచ్చే కాశింబీ అక్క ఒక్కతే ఇంకా తిప్పుతోంది.

"ఏందక్కా, కార్డుల్లో బొమ్మలేమన్నా ఉన్నాయా?" అన్నాను.

"ఒరేయ్, పేటలో షేకులందర్నీ నా ఒళ్లో పోసి ఇప్పుడు అడుగుతున్నావా?" అంది, తల ఎత్తకుండా.

రామకోటయ్య గారు లేచి వచ్చారు. ఆమె డబ్బాలో మిగిలినవి తీసుకుని మా ఎనిమిదిమంది ముందూ పేకముక్కల్లా ఒక్కొక్కటే వేసుకుంటూ పోయారు. ఆ చప్పుడు ఆగిన కాసేపటికే కార్డు దొరికింది. మెకానిక్కు షేక్ కరీముల్లా. చేతుల గ్రీజు తుడుచుకుంటూనే ఆసుపత్రికి వెళ్లాడు.

తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ఆలస్యం వల్ల కాదనే డాక్టరు అన్నారట. ఆ నిమిషాలను మాత్రం నేను పక్కన పెట్టలేకపోయాను.

"ఎనిమిదిమంది వెతికారనుకున్నావు. చానాసేపు వెతికింది కాశింబీ ఒక్కతే. మనం కూర్చున్నాం," అన్నారు రామకోటయ్య గారు. మర్నాడు ఏ పేరు ఏ డబ్బాలో ఉందో తెలిసేలా పేర్ల వరసకు వేరే పుస్తకం రాసి, కార్డులన్నీ డబ్బాల్లోకి ఒక్కొక్కటిగా సమానంగా తిరిగి పంచాం.

చాలా ఏళ్లకు హైదరాబాదులో సరిగ్గా అలాంటి యంత్రాలతోనే నాకు ఉద్యోగం దొరికింది. ఎంత వేగం పెరిగిందో అందరూ చూస్తారు. నేను ముందు చివరగా ముగించిన ప్రాసెసరు ఏదో చూస్తాను. దాన్ని తిట్టను, దాని వాటా విప్పి చూస్తాను.

ఆ రోజు వెతికిన సాంబయ్యకు, మస్తానుకు, మేరీకి, లక్ష్మీనారాయణకు, కోటేశ్వరరావుకు, పని వదిలి వెళ్లిన కరీముల్లాకు కృతజ్ఞతలు. రామకోటయ్య గారికి ఈ నాలుగు మాటలు. అందరికన్నా ఎక్కువ చూసి, నిదానమని నాచేత మాట పడ్డ కాశింబీ అక్కకు అప్పుడు చెప్పాల్సిన మాట ఇప్పుడు చెబుతున్నాను: తప్పు నాదక్కా.