కెటిల్ పక్కన మోచెయ్యి

పటాలు కట్టే పెద్దాయన ఏ బొమ్మ తెచ్చినా చూసేది నాలుగు అంచులే. మధ్యలో ఏముందని అడిగితే నీళ్లు నములుతాడు. ఆ సంగతి తనకీ తెలుసు, తనలో తనే నవ్వుకుంటాడు కూడా. పైకి మాత్రం గడ్డం నిమురుకుంటూ, "ఊఁ, రంగు పలికింది" అంటాడు. ఆ ఒక్క ముక్కతోనే కళ తెలిసిన మనిషిగా ఇంతకాలం నెట్టుకొచ్చాడు.

పిల్లలు పెద్దయ్యాక ఆయన భార్య నీటిరంగులు మొదలుపెట్టింది. ఒకరోజు ఓ బొమ్మ తెచ్చి కొట్లో బల్ల మీద పెట్టింది. వాళ్లింటి సొట్ట కెటిలే.

"బాగుందో లేదో మీరే చెప్పాలి. బాలేదంటే ఈ కుంచెలు అటకెక్కించేస్తాను."

నవ్వుతూనే అంది గానీ చేతులు నలుపుకుంటోంది. ఊళ్లో వాళ్లకి చెప్పే ముక్క కట్టుకున్నదాని దగ్గర చెల్లదు.

"పటం కట్టాక చెప్తాలే," అని తప్పించుకున్నాడు.

కెటిల్ ఎడమపక్కకి ఒదిగి ఉంది. కుడి అంచున ఏదో బూడిదరంగు మరక. కొత్త చెయ్యి కదా, కుంచె జారుంటుందనుకున్నాడు. అలవాటు చొప్పున కెటిల్ నట్టనడుమకి వచ్చేలా ఆ ముక్క కోసేసి, మంచి టేకు చట్రం బిగించి ఇంటికి తీసుకెళ్లాడు.

ఆవిడ చాలాసేపు చూసింది.

"మీరేరీ?"

"నేనా?"

"బల్ల మీద మోచెయ్యి ఆనించి టీ కోసం కూర్చున్నారుగా. ఆ చొక్కా చెయ్యి కుదరడానికి ఎన్ని కాగితాలు పాడుచేశానో!"

తన మోచేతిని తనే పోల్చుకోలేని కళాపోషకుడు కొట్టుకి పరిగెత్తాడు. చెత్తబుట్ట బోర్లించి ఆ ముక్క ఏరి వెలుతుర్లో పట్టుకున్నాడు. మోచేతి దగ్గర ఆవిడ కుట్టిన మాసిక కూడా ఉంది, రంగు కలవని దారంతో సహా. తననింత శ్రద్ధగా చూసే మనిషి ఇంట్లో ఉన్నందుకు సంతోషమేసింది. అది ఇప్పుడు తెలిసినందుకు సిగ్గేసింది.

ఆ ముక్కకి సన్నటి చట్రం కట్టి, ఇంట్లో గోడ మీద కెటిల్ పటం పక్కన తగిలించాడు.

"బొమ్మ చాలా బాగుంది. చూడ్డమే నాకు చేతకాలేదు," అన్నాడు. ఈసారి గడ్డం జోలికి పోలేదు.

ఆవిడ రెండు పటాల మధ్య గోడని చూసి నవ్వింది.

"అచ్చం మీలాగే ఉంది. ఇంట్లోనే ఉంటారు, కాస్త ఎడంగా."

ఆయన మేకు పీకి, రెండు చట్రాలూ తగిలేదాకా జరిపి కొట్టాడు.

"కుంచెలు అటకెక్కవులెండి," అందావిడ. "ఈసారి మిమ్మల్నే నట్టనడుమ కూర్చోబెడతాను. ఎలా కోస్తారో చూస్తా."