వంకాయను వెలేసిన మా పెదనాయన

మా గౌరయ్య పెదనాయన కూరలను వెలేసేవాడు. తప్పు చేసిన మనిషిని కులపెద్దలు కూర్చొని వెలేసినట్టు, తన కడుపులో అల్లరి చేసిన తిండిని పేరు పెట్టి పిలిచి, నేరం చెప్పి, శిక్ష వేసేవాడు. "వంకాయను వెలేసినం" అన్నాడంటే ఇక మా పొయ్యి మీదికి వంకాయ రాకూడదు. వెలి అంటే ఆయన ఒక్కడికే కాదు, ఇంటిల్లిపాదికీ.

మా నాయన పోయాక కోదాడలో మా ఇంటికి ఆయనే పెద్ద. పొద్దున్నే మా అమ్మ లక్ష్మీనర్సమ్మ తలుపు చాటున నిలబడి తీర్పు అడిగేది.

"చిక్కుడుకాయ వండొచ్చా బావా?"

"దాని మీద ఫిర్యాదున్నది. విచారణ కాలే."

"మరి బీరకాయ?"

"తప్పు కట్టింది. నిన్ననే లోపలికి తీసుకున్నం."

రోగం మాత్రం నాటకం కాదు. వయసులో ఉండగా మేళ్లచెరువు దిక్కు సున్నపు బట్టీలలో పనిచేసి ఊపిరి నిండా సున్నం నింపుకొచ్చాడు. పైన చుట్ట. నడివయసుకే దమ్ము పట్టుకుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అది బయటపడకుండా నిలబడి, పక్కనున్న గోడను పరీక్షగా చూసి, "ఈ గోడ జర ఒరిగింది" అనేవాడు. మా వీధిలో నిటారుగా ఉన్న గోడ ఒక్కటీ లేదని కొంతకాలం అందరమూ నమ్మాం.

దమ్ముకు తోడు పులితేన్పులు, ఛాతీలో మంట. దమ్మూ మంటా ఆయన ఒంట్లో సవతుల్లా కాపురం చేసేవి. "మిరియాల కషాయం తాగితే దమ్ము సల్లబడ్తది, మంట మండిపడ్తది. పెరుగు తింటే మంట సల్లబడ్తది, దమ్ము అలుగుతది. ఇద్దరికీ నచ్చే చీర ఏడ దొరుకుతది పిలగా" అని నన్నడిగేవాడు. అప్పటికి నాకు పెళ్లే కాలేదు. పుస్తకాలలో కూడా ఆ చీర ఊసు ఎక్కడా కనపడలేదు.

ఒకసారి సూర్యాపేట దవాఖానకు నేనే తీసుకెళ్లాను. డాక్టరు ఛాతీ విని, కడుపు నొక్కి, నిదానంగా చెప్పాడు.

"ఒక్కపారే కడుపు నిండ తినొద్దు. ఇంతింత, నాలుగైదు పార్లు తినాలె. తినంగనే పండొద్దు. మంచం తలాపు ఎత్తు పెట్టుకో. పులుపు, కారం బంద్. కడుపుల పులుపు గొంతుకెక్కితే దమ్ము ఇంకా లేస్తది. చుట్ట మానినవా?"

"దాన్ని వెలేసినం సారూ."

"ఎప్పుడు?"

"గీ దవాఖాన మెట్ల కాడ."

ఇంటికి రాగానే మంచం తలాపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించాడు. తెల్లారేసరికి మనిషి జారి కాళ్లపట్టె దగ్గర మూటలా ఉండేవాడు. "మస్తు దూరం నడిచిన" అనేవాడు, కళ్లు తెరవకుండానే.

ఇలాంటి మనిషి నా పెళ్లికి పెద్ద కావడంతో వచ్చింది చిక్కు. పిల్లను చూడబోయిన పెద్దమనిషి ఆ ఇంట్లో భోంచేస్తే సంబంధం ఖాయమైనట్టు, తినకుండా లేస్తే వద్దన్నట్టు లెక్క. మిర్యాలగూడలో చూసిన సంబంధం అట్లాగే పోయింది. విస్తరి ముందు కూర్చొని, "ఈ పులుసు ఎప్పటిదమ్మా" అని అడిగి, దాన్ని అక్కడికక్కడే వెలేసి లేచాడు.

దానికి నేనేమీ బాధపడలేదు. నా మనసులో అప్పటికే జానమ్మ ఉంది. ఒక చుట్టాల లగ్గంలో బంతిలో కూర్చొని కూడా నేను పుస్తకం చదువుతుంటే, వడ్డిస్తూ వచ్చి, "పుస్తకం సల్లారదు, బువ్వ సల్లారుతది" అని వెళ్లిపోయింది. ఆ రోజు ఏ పుస్తకం చదివానో ఇప్పుడు గుర్తు లేదు.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు జానమ్మను చూడటానికి బయలుదేరాం. గరిడేపల్లికి ఇవతల ఒక పల్లె వాళ్లది. బండిలో పెదనాయన, అమ్మ, మా మేనమామ సోమన్న, నేను. దారి పొడుగునా అమ్మ బతిమాలుతూనే ఉంది.

"బావా, ఇయ్యాల ఒక్కపూట ఎవ్వలినీ వెలెయ్యకు. పిలగానికి ఆ పిల్ల మీదనే పాణమున్నది."

"నా చేతులేమున్నదమ్మా. అంతా కడుపు చేతులున్నది."

వాళ్లింటికి చేరేసరికి పిల్ల తండ్రి ఈదయ్య లేడు. "గిప్పుడే వస్తడు అన్నా" అంటూ పిల్ల తల్లి బుచ్చమ్మ నీళ్లిచ్చి లోపలికి వెళ్లింది. బండి కుదుపులకు పెదనాయనకు దమ్ము లేచింది. గోడ చూసొస్తానని పెరట్లోకి పోయాడు. చాలాసేపటికి వచ్చి కూర్చొని మీసం దువ్వుకున్నాడు. అప్పుడు వచ్చాడు ఈదయ్య, చెమటలు కక్కుతూ, భుజాన ఖాళీ సంచితో.

"ఈదయ్య బావా, ముందుగాల ఒక మాట" అన్నాడు పెదనాయన. "మేము వరిబువ్వను వెలేసినం."

అమ్మ నెత్తి పట్టుకుంది. అంతసేపూ వంటింటి వైపే చూస్తున్న సోమన్న మామ ఇటు తిరిగాడు.

"ఎప్పుడు?"

"బండిల."

"పొద్దుగాల వరిబువ్వనే తిని వస్తిమి గదనే."

"తింటేనే గద దాని గుణం తెలిసింది. వెలంటే మనందరికీ. జొన్న గటుక పెడితే తింటం బావా, లేకుంటే లేస్తం."

ఈదయ్య భుజాన ఉన్న సంచిని దించి వెనక్కి పెట్టుకున్నాడు. "సంబంధానికొచ్చినోళ్లకు గటుక పెడితే ఊరేమంటది?"

"గౌరయ్యకు పిచ్చంటది. గదేమన్న కొత్తనా."

జొన్నరవ్వ ఉడికించిన గటుక వచ్చింది. దానిలోకి పులిసిన మజ్జిగ, పచ్చిమిరపకాయల తొక్కు. డాక్టరు బంద్ అన్నవి రెండూ ఆ విస్తట్లోనే ఉన్నాయి. నేను నోరు తెరవబోతే పెదనాయన నా వైపు ఒక చూపు చూశాడు. మూసుకున్నాను. ఆయన ఆ మజ్జిగను ఎప్పటిదని అడగలేదు. తిన్నాడు, మారు పోయించుకున్నాడు, తొక్కు నాకాడు. చేయి కడిగాడు. సంబంధం ఖాయమైంది.

తిరుగు బండిలో ఆయన నిటారుగా కూర్చొని, గుంజను పట్టుకొని, ఊపిరి కోసం ఊగిపోయాడు. నేను వీపు రాస్తూ ఉన్నాను. ఎదురుగా సోమన్న మామ తినని భోజనాన్ని వర్ణిస్తూనే ఉన్నాడు.

"సన్నబియ్యం బువ్వ, ముద్దపప్పు, నెయ్యి... అన్నిట్ల మన్ను వోస్తివి బావా."

"ఎడ్లు... దుమ్ము లేపుతున్నయ్ రా" అన్నాడు పెదనాయన. ముందురోజే వాన పడి దారంతా బురదగా ఉంది.

పెళ్లయ్యాక జానమ్మ చెప్పింది. ఆ ఏడు పండిన వడ్లన్నీ సర్కారోళ్లు లెవీ కింద తోలుకుపోయారట. ఇంట్లో మిగిలినవి జొన్నలే. ఈదయ్య మామ చేబదులు బియ్యం కోసం ఇల్లిల్లూ తిరుగుతుంటే, బుచ్చమ్మత్త పెరట్లో ఖాళీ చాట ఒళ్లో పెట్టుకొని ఏడుస్తోందట. పెదనాయన గోడకానుకొని ఆయాసం తీర్చుకుంటూ అదంతా చూశాడు. ఆమె మాత్రం ఆయన్ను చూడలేదు. ఆయన్ను చూసింది కిటికీలోంచి జానమ్మ ఒక్కతే.

అయితే ఆ పుణ్యం ఒక్కపూటతో తీరలేదు. వియ్యంకుడికి గటుక తప్ప ఇంకేదీ పడదని బుచ్చమ్మత్తకు స్థిరపడిపోయింది. తర్వాత పంటలు పండాయి, ఇంట్లో సన్నబియ్యం బస్తాలు లేచాయి. మేమెప్పుడు వెళ్లినా అందరికీ వరిబువ్వ, నెయ్యి. సోమన్న మామకు మారు మీద మారు. పెదనాయనకు మాత్రం ప్రత్యేకంగా జొన్నలు విసిరి వండిన గటుక, రెండు రోజుల ముందు నుంచే పులియబెట్టిన మజ్జిగ, అప్పుడే నూరిన తొక్కు. ఆయన తినేవాడు. తిన్నప్పుడల్లా దమ్ము లేచేది.

ఒకసారి జానమ్మ తట్టుకోలేకపోయింది. "ఇగ సాలు మామా. అమ్మకు నేను సెప్తా, ఇయ్యి నీకు పడయని."

"సెప్పకు బిడ్డా" అన్నాడు ఆయన, ఛాతీ రుద్దుకుంటూ. "ఇది పడదని తెలిస్తే, ఆ దినం ఎందుకు తిన్ననో గూడ తెలుస్తది."

దగ్గు వచ్చింది. ఆపుకున్నాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి గొంతు పెంచాడు.

"చెల్లే, మజ్జిగ ఇంకింత పులిసిందేమన్న ఉన్నదా?"