శెట్టి తీగ మీద నుంచి లాగిన కార్డు

కడప స్టేషన్లో పొద్దుటి ప్యాసింజరు ఎక్కక ముందే నాకు కోపం వచ్చింది. టికెట్లిచ్చే ఆయన నయాపైసల్లో చిల్లర అడిగాడు. నా జేబులో ఉన్నవన్నీ అణాలూ బేడలూ. కొత్త నాణేలు వచ్చి ఏడాది కావస్తున్నా ఆ లెక్క నా తలకెక్కలేదు. వెనక నిలబడిన ఒక రైతు నా అరచేతిలోని బిళ్ళలు ఏరుకుని, లెక్క తేల్చి, టికెట్టు నా చేతిలో పెట్టించాడు. "పాండి సామీ, బండి పోతాది," అన్నాడు. ఆ చిల్లర సరిగ్గా ఉందో లేదో ఈనాటికీ నాకు తెలియదు.

నేను బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కడపలో ఒక గ్రంథాలయం వెనక రెండు గదులున్నాయి. జిల్లాలోని పాత ఉత్తరాలు, వ్యాపారులవీ ఇళ్ళలోవీ, సేకరించి దాచడానికి కొందరు ప్లీడర్లూ మాస్టర్లూ కలిసి పెట్టుకున్న గదులవి. వాటికి నేను కాపలా. దుమ్ము దులపడం, వేపాకు పరచడం, చెదలతో యుద్ధం చెయ్యడం నా పని. జీతం లేదు. దారి ఖర్చులు మాత్రం ఇస్తారు, అదీ నాలుగుసార్లు అడిగాక.

ప్రొద్దుటూరు పత్తి వ్యాపారి వెంకటసుబ్బయ్య శెట్టి నుంచి మాకొక కార్డు వచ్చింది. పాత అంగడి పడగొట్టి కొత్తది కడుతున్నాడట. తండ్రి కాలం నుంచి వచ్చిన జాబులన్నీ తీగల మీదే ఉన్నాయట. శనివారం లోపల వస్తే మాకిస్తాడు, రాకపోతే పొట్లాలు కట్టే అంగడికి తూకానికి వేస్తాడు. అందుకని బుధవారమే బయల్దేరాను.

ఎర్రగుంట్లలో రైలు దిగి బస్సెక్కాలి. ఆ బస్సు నిండితే గాని కదలదు, అంటే మనుషులతో నిండిన తర్వాత మూటలతో కూడా నిండాలి. పెన్నలో నీళ్ళు లేవు, కనుచూపు మేర ఇసుకే. పదకొండు దాటాక ప్రొద్దుటూరు చేరాను. బస్టాండు పక్కన హోటల్లో ఎర్రకారం పూసిన దోసె తిన్నాను. మీరు వెళితే ఆ దోసె తినండి, కాఫీ మాత్రం వద్దు.

శెట్టి అంగడికి అప్పటికే సగం కప్పు విప్పేశారు. మిగిలిన దూలాల నుంచి ఉత్తరాల తీగలు వరసగా వేలాడుతున్నాయి. కింద చెక్కబిళ్ళ, పైన కొక్కెం, మధ్యలో నిలువునా గుచ్చిన కార్డులూ కవర్లూ. మన వ్యాపారులందరూ చేసేదే ఇది. వచ్చిన జాబు చదవడం, తీగకు గుచ్చడం. పత్తి మిల్లు రాసిన ఉత్తరం మీద చెల్లెలు రాయించిన కార్డు, దాని మీద రైలు రసీదు, దాని మీద మళ్ళీ మిల్లు. ఇల్లూ వ్యాపారం వేరు చేసిన తీగ ఒక్కటీ లేదు.

నాకొక పట్టుదల ఉంది, దాన్ని మా వాళ్ళు మొండితనం అంటారు. తీగ మీద వరస చెదరకూడదు. ఏ రోజు ఏ జాబు వచ్చిందో ఆ వరసే చెబుతుంది. ఆ మాటే శెట్టితో అన్నాను. అరవై దాటిన మనిషి, తెల్లటి పంచె, చెవిలో పెన్సిలు. నా మాట వింటూనే ఒక తీగ దించి, కార్డులు వేలితో తిప్పుతూ పోయి, మధ్యలోది ఒకటి పట్టి లాగాడు. రంధ్రం దగ్గర అంచుదాకా చిరిగి చేతిలోకి వచ్చింది. నా ప్రాణం ఉసూరుమంది.

"ఇది తప్ప అన్నీ తీసుకో అయ్యవారూ," అన్నాడు.

"అందులో ఏముంది?"

"నువ్వే సూడు."

పైన శ్రీ రాసి ఉంది. జమ్మలమడుగు ముద్ర. యుద్ధం రోజుల నాటిది. "రత్నకు జ్వరం శానా ఎక్కువగా ఉన్నది. నీవు ఒకసారి వచ్చి చూచి పోవలెను. తక్కినవారము క్షేమము." అంతే. ఇలాంటి జ్వరాల కార్డులు మా గదుల్లో కుప్పలున్నాయి. శెట్టి దాన్ని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఇంటి జాబుల్లో మాటలు మా చెల్లెలివి. రాసినోడు మా తమ్ముడు. వాళ్ళిద్దరూ ఊ అనల్ల. అనకుంటే ఇంటివన్నీ ఏరి పక్కన పెట్టి, యాపారానివి మాత్రం ఇస్తా. పోయి అడుక్కొని రా."

"మీరొక కార్డు ముక్క రాస్తే పోతుంది కదా?"

"తమ్ముడితో నాకు మాటల్యా," అని పెన్సిలు తీసి లెక్కల్లో పడ్డాడు.

మూడున్నర బస్సుకు జమ్మలమడుగు వెళ్ళాను. దారి పొడవునా నల్లరేగడి చేలు, తీతకు వచ్చిన పత్తి. చెల్లెలు నారాయణమ్మ ఇల్లు బజారు వీధిలోనే, భర్త అంగడికి వెనక. యాభై ఏళ్ళ మనిషి. ముందు మంచినీళ్ళు, తర్వాత బొరుగులూ బెల్లం, ఆ తర్వాత ప్రశ్న.

"యాడ్నుంచి వస్తాండారు అయ్యవారూ?"

చెప్పాను. ఇంటి జాబులు కూడా తీసుకోవాలనుకుంటున్నామని, వాటిని ఎవరైనా వచ్చి చదువుకోవచ్చని, అందుకు ఆమెకు అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పమని అన్నాను. ఇలాంటి చోట మెత్తగా మాట్లాడి ఒప్పించడం నాకు చేతకాదు.

"మా అన్న అవన్నీ పెట్టుకోనుండాడా?"

"అన్నీ ఉన్నాయమ్మా. ఒక్కటి మాత్రం ఇవ్వనన్నాడు. రత్నకు జ్వరమని ఉంది అందులో."

ఆమె గడపకు ఆనుకుని కూర్చుండిపోయింది. వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చినా లేవలేదు. నేనేదో తప్పు మాట అన్నానని అర్థమైంది, ఏదో తెలియలేదు.

"రత్న నా కూతురు," అంది. "ఆరేండ్లది. గోపాలయ్య ఆ జాబు రాసేటప్పటికే అది ల్యా అయ్యవారూ. ఆ పొద్దున్నే పాయ. గోపాలయ్య మా చిన్న తమ్ముడు, అప్పుడు మా అంగట్లోనే ఉండె. నాకు రాయడం రాదు కదా, జాబులన్నీ వాడే రాస్తాండె. అన్నకు కబురు రాయరా అంటే ఇట్ల రాసినాడు."

"మరి అన్న?"

"జ్వరమే కదా అనుకున్యాడు. నాలుగో దినం వచ్చినాడు. బత్తాయిలు తెచ్చినాడు, దానికి గౌను తెచ్చినాడు. ఈ వాకిట్లోనే నిలబడి, రత్న యాడమ్మా అని అడిగినాడు."

ఆ తర్వాత జరిగిందీ చెప్పింది. చచ్చిన బిడ్డకు జ్వరమని రాసి నన్ను మోసం చేస్తావా అంటూ శెట్టి తమ్ముణ్ణి నలుగురిలో కొట్టబోయాడట. తమ్ముడు బదులు చెప్పకుండా పులివెందులకు వెళ్ళిపోయాడట. అప్పటి నుంచి ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

"దానికి ఫోటో ల్యా," అందామె. "ఆ జాబుల్లో ఉండాది, అంతే. పుట్టింది ఉండాది, నడిచింది ఉండాది, మామను రిబ్బన్లు అడిగింది ఉండాది. ఆ ఆఖరు జాబులో కూడా నా బిడ్డకు ఉత్త జ్వరమే. ఆడ అది ఇంగా బతికే ఉండాది. అది తీయొద్దని, తక్కినవాటితోనే పెట్టమని మా అన్నకు నువ్వు చెప్పల్ల."

చెబుతానన్నాను. అప్పటిదాకా అది నా వరసలో పోయిన ఒక కార్డు. ఆ మాట విన్నాక నాకు దాని మీద వేరే భయం పట్టుకుంది. శెట్టి దాన్ని చింపేస్తే ఈ తల్లికి నా మొహం ఎలా చూపించాలి?

ఆ రాత్రికి సత్రంలో పడుకున్నాను. నల్లులు లేవని చెప్పారు, ఉన్నాయి. పొద్దున్నే ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సు. పక్కన దూదేకుల మస్తాన్ సాయిబు, దూది ఏకే విల్లూ మూటా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పరుపులు కుట్టడానికి పోతున్నాడట. నా పనేంటని అడిగాడు, చెప్పాను. "మనుసులుండేకే ఇండ్లు చాలకుండాయి, జాబులకు గదులా సామీ?" అన్నాడు.

ముద్దనూరులో బస్సు అరగంట ఆగింది. అక్కడ టీ తాగుతుండగా ఒక సంగతి తోచింది. మా వైపు చావు కబురు తెచ్చిన జాబును ఇంట్లోకి రానివ్వరు. వాకిట్లోనే చదివి అక్కడే చింపేస్తారు. దాని మీద శ్రీ కూడా రాయరు. అందుకే మా రెండు గదుల్లో వేల ఉత్తరాలున్నా వాటిలో ఎవరూ చనిపోరు. పుడతారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు, దగ్గుతారు, ఆ తర్వాత వాళ్ళ పేరు వినిపించదు. ఇన్నేళ్ళు ఆ కాగితాల మధ్య కూర్చుని అది గమనించనందుకు నా మీద నాకే చిరాకు వేసింది.

పులివెందులలో గోపాలయ్య వేరుశనగ మండీ బస్టాండుకు దగ్గరే. కాయలు ఒలిచే ఆడవాళ్ళ మాటల మధ్య ఒక బల్ల మీద కూర్చున్నాడు. అన్న పోలికే, మనిషి సన్నం.

"మా అన్నే పంపినాడా?"

"ఆయనే. మీరు ఒప్పుకుంటేనే ఇస్తానన్నాడు."

"నన్ను అడగమనినాడా!" అని నవ్వబోయి ఆగిపోయాడు. "నా రాతకు ఏముందప్పా, తీసుకో."

నేను లేవకుండా కూర్చున్నాను. జ్వరం కార్డు ఎందుకు అలా రాశారని అడగడం నా పని కాదు, అయినా అడిగాను.

ఆయన శనక్కాయ ఒకటి వేళ్ళ మధ్య నలిపాడు. "చావుజాబు రాస్తే మా అన్న ఏం జేస్తాడు? వాకిట్లో నిలబడి చింపుతాడు. కాలవలో పారేస్తాడు. అందరూ చేసేదే. ఆ పాప పేరు ఎన్ని జాబుల్లో రాసినానో. దాని పేరు చించిన ముక్కల్లో పడేది నాకు ఇష్టం ల్యాకపాయ. పైన శ్రీ పెట్టి, జ్వరమని రాస్తి. జ్వరమంటే మర్నాడే వస్తాడు, వచ్చినాక నోటితో చెప్పచ్చులే అనుకుంటి. వస్తాడని రెండు దినాలు బస్సు కాడ కాసుకోనుంటి."

"ఇది అన్నతో చెప్పలేదా?"

"ఆయప్ప అడగల్యా. నేను చెప్పల్యా."

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే సంగటి, దానిలోకి వేరుశనగ ఊరిబిండి పచ్చడి పెట్టారు. ఈ ప్రయాణం మొత్తంలో కడుపునిండా తిన్న భోజనం అదొక్కటే. సాయంత్రం బస్సు ముద్దనూరు దగ్గర చెడిపోయి, ఆ రాత్రి అక్కడ స్టేషన్ బెంచీ మీద గడిచింది. శుక్రవారం పది గంటలకు ప్రొద్దుటూరు చేరాను.

అంగడికి ఇప్పుడు పైకప్పు అసలు లేదు. ఎండలో ఒక కుర్చీ వేసుకుని శెట్టి కూలీలను అదిలిస్తున్నాడు. తీగలన్నీ దించి గోనెసంచుల మీద పరిచాడు. ఇద్దరూ ఒప్పుకున్నారని చెప్పాను. నారాయణమ్మ మాట చెప్పాను. చివరికి తమ్ముడు చెప్పింది ఉన్నదున్నట్టు చెప్పాను.

"నేను చింపుతానని అట్ల రాసినాడా?"

"అలాగే చెప్పాడు."

శెట్టి చెవిలోని పెన్సిలు తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

"మీరు అప్పుడే ఎందుకని అడిగి ఉంటే సరిపోయేది," అన్నాను.

"యాడ అడిగేది అయ్యవారూ? అడిగితే వాడు నన్ను అడుగుతాడు కదా, నువ్వెందుకు నాలుగు దినాలు రాకపోతివి అని."

లేచి, ఆ తీగ తెచ్చి నా ముందు పెట్టాడు. కార్డు లాగిన చోట వేలు పెట్టి, దాని మీద ఉన్నవి ఒకటొకటిగా చూపించాడు. మిల్లు నుంచి మూడు ఉత్తరాలు, వరసగా మూడు రోజులవి. మూడింటిలోనూ పత్తి బస్తాలు శెట్టిగారు ఎదురుగా ఉండగానే కాటా వేశామని ఉంది.

"ఇంటివి వేరే, యాపారానివి వేరే పెడితే ఎవురికీ తెల్దు. ఈ కార్డు ఈ సందులో ఉంటే సదువుకున్నోడు ఎవుడన్నా కనిపెడతాడు. అవునా కాదా?"

"అవును."

"ఏమనుకుంటాడు నన్ను?"

ఏదైనా మెత్తటి మాట చెప్పొచ్చు. రాలేదు. "మేనకోడలికి జ్వరమని తెలిసి కూడా పత్తి కాటా చూసుకుని వెళ్ళాడనుకుంటాడు," అన్నాను.

"జరిగింది అదే కదా," అన్నాడు శెట్టి.

జేబులోంచి కార్డు తీశాడు. మూడు రోజులుగా అది ఆ జేబులోనే ఉన్నట్టుంది, చెమటకు అంచులు మెత్తబడ్డాయి. తీగ మీద పై జాబులన్నీ ఒకటొకటిగా ఊడదీసి, వరస తప్పకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. పాత రంధ్రం చిరిగిపోయింది కనుక, తీగ మొనతో కార్డుకు పక్కన కొత్త రంధ్రం పొడిచాడు. పాత కాగితానికి కొత్త రంధ్రం పొడవడం మా పనిలో చెయ్యరాని తప్పు. నోరు మూసుకుని చూశాను. ఆ తర్వాత మిల్లు ఉత్తరాలు మూడూ, వాటి మీద తక్కినవీ గుచ్చాడు, ఎవరి సాయమూ తీసుకోలేదు.

"వాడికి జుట్టు నెరిసిందా?" అని అడిగాడు చివరి జాబు గుచ్చుతూ.

"సగం నెరిసింది."

సంచులు మోయించడానికి ఇద్దరు కూలీలను నా వెంట బస్టాండు దాకా పంపాడు.

ఎర్రగుంట్లలో సాయంత్రం బండి దొరికింది. పెట్టెలో గోనెసంచులు చూసి ఒకాయన శనక్కాయలా అని అడిగాడు. జాబులని చెబితే నమ్మక సంచి నొక్కి చూశాడు. ఈ పని మీద ఆ వైపు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇంటి ఉత్తరాలు వద్దు, వ్యాపారానివి చాలు అని ఎవరన్నా మీకు చెబితే వినకండి. ఆ రెండూ ఎందుకు విడదీయకూడదో నాకు ఈసారి తెలిసివచ్చింది. తీగ వరస కోసం వెళ్ళినవాణ్ణి, బరువు మోసుకుంటూ తిరిగి వచ్చాను.

కడప స్టేషన్లో దిగగానే ఒక కార్డు కొన్నాను. నారాయణమ్మకు చదవడం రాదు, ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. అందుకని పొడుగ్గా రాయలేదు. పైన శ్రీ పెట్టి, "అమ్మా, రత్న కార్డు తక్కినవాటితోనే ఉన్నది. మీ అన్నగారే తన చేత్తో గుచ్చినారు," అని రాసి డబ్బాలో వేశాను.