బాతు కాలి కడియం

ఈ చలికాలం ఒక పొద్దున మానేరు కట్ట మీద నడుస్తుంటే నీళ్లలోంచి బాతుల గుంపు ఒక్కసారిగా లేచింది. వందల రెక్కలు ఒకేసారి విచ్చుకున్న ఆ చప్పుడు నాకు రెక్కల చప్పుడులా వినిపించలేదు. గుడ్డకు అంటించిన పాత దేశపటాన్ని ఎవరో బల్ల మీద బర్రున విప్పినట్టు వినిపించింది. నాతో నడిచే పక్కింటాయన "ఏమైంది, గట్ల ఆగినవ్?" అన్నాడు. "జహీర్ సార్ యాదికొచ్చిండు" అన్నాను. ఆయనకు జహీర్ సార్ ఎవరో తెలియదు. మీకూ తెలియదు కాబట్టే ఇది రాస్తున్నాను.

పోలీసు యాక్షన్ అయిన రెండు మూడేళ్లకు నేను పోలీసు క్యాంపులో రైటర్‌గా చేరాను. రైటరంటే కథలు రాసేవాడు కాదు, ఎవరిని పట్టుకొచ్చారో, ఎందుకు పట్టుకొచ్చారో కాగితం మీద పెట్టేవాడు. పాత ఉద్యోగులకు ఉర్దూ తప్ప మరొకటి రాదు. నేను కరీంనగర్‌లో మెట్రిక్ చదివి తెలుగూ ఇంగ్లీషూ రాయగలిగినవాణ్ణి. ఇరవై రెండేళ్ల వయసు, కాళ్లు నేల మీద ఆనేవి కావు. ఇంగ్లీషు అక్షరం ఎక్కడ కనబడినా పైకి చదవందే ఊరుకునేవాణ్ణి కాను, సబ్బు మీది కాగితమైనా సరే.

ఆ క్యాంపు చెన్నూరుకు కొన్ని మైళ్ల దూరంలో, గోదావరి ఒడ్డు ఊళ్లో ఉండేది. ఊరి పేరు చెప్పను, నేను చెప్పబోయే కుటుంబం వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. అడవుల్లో కమ్యూనిస్టు దళాలు తిరుగుతున్న రోజులవి. రష్యా అన్న మాట నోట వస్తే చాలు, ఎందుకన్నావని అడిగేవాళ్లు. అలాంటి రోజుల్లో ఒకనాడు అంగట్లో రాజవ్వ అనే బెస్తామె చంకలోని పిల్ల మొలతాడుకు తెల్లటి చిన్న ఉంగరం ఒకటి వేలాడుతూ నా కంటబడింది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అలవాటు కొద్దీ చదివాను. 'మాస్క్వా' అని ఉంది, అంటే మాస్కో, దాని పక్కన ఒక నంబరు. మా సబిన్‌స్పెక్టర్ దగ్గరికి పరుగెత్తాను.

గంటలో రాజవ్వ భర్త మల్లయ్యను తెచ్చి కొట్లో వేశారు. అతను వానాకాలం చేపలూ, చలికాలం ఇసుక దిబ్బల మీద వల పన్ని బాతులూ పట్టేవాడు. అడిగితే ఒకటే మాట చెప్పాడు. "సూదితోక బాతు కాలికుండె సారూ. బాతును కూర వండుకున్నం. పోరికి ముద్దుగుంటదని మొలతాడుకు కట్టిన." బాతు కాలికి మాస్కో ఉంగరం అంటే మేమంతా నవ్వాం. నేనైతే పంచనామాలో నా తెలివంతా కుమ్మరించాను. మాస్కో నుంచి వచ్చిన గుర్తు ఉంగరమనీ, దాని మీది అంకె పార్టీ సభ్యుడి నంబరు అయి ఉండవచ్చుననీ రాశాను. సబిన్‌స్పెక్టర్ కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, పైవాళ్లంటే భయం. "శుక్రవారం లారీ వస్తుంది. కరీంనగర్ పంపించేద్దాం, తేల్చేదేదో వాళ్లే తేల్చుకుంటారు" అన్నాడు. ఆ లారీ ఎక్కినవాళ్లు ఎప్పుడు తిరిగి వస్తారో చెప్పగలిగినవాడు లేడు. రాజవ్వ పిల్లను ఒళ్లో పెట్టుకుని రోజంతా గేటు ముందు కూచునేది. నేను ఆమెను చూడకుండా లోపలికీ బయటికీ తిరగడం నేర్చుకున్నాను.

గురువారం మధ్యాహ్నం జహీర్ సార్ సైకిల్ మీద వచ్చాడు. చెన్నూరు బడిలో భూగోళం చెప్పేవాడు. సన్నగా పొడుగ్గా, కాలరు దగ్గర నలిగిపోయిన షేర్వానీతో ఉన్నాడు. సైకిల్ వెనక రెండు పొడుగాటి చుట్టలు తాడుతో కట్టి ఉన్నాయి. ఎవరొచ్చినా డైరీలో రాయడం నా పని కాబట్టి, 'ఉపాధ్యాయుడు ఒకరు, రెండు పటాలతో' అని రాశాను. ఆ రోజుల్లో ఆయన పరిస్థితి ఏమీ బాగాలేదు. బళ్లు ఉర్దూ నుంచి తెలుగుకు మారుతున్నాయి, తన నౌకరీ ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఆ పేరున్న మనిషి ఆ సమయంలో పిలవకుండా పోలీసు క్యాంపు గడప తొక్కడం ఎంత పెద్ద విషయమో ఇప్పటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. మల్లయ్య ఆయనకు చేపలమ్మేవాడు. అంతకుమించి చుట్టరికం ఏమీ లేదు.

"సాబ్, మల్లయ్య అబద్ధం చెప్తలేడు" అన్నాడాయన. "ఆయన చెప్పేది శానా దూరం నుంచి వచ్చింది, అందుకే నమ్మబుద్ధి అయితలేదు." అని ఒక చుట్ట విప్పి బల్ల మీద పరిచాడు. బల్ల చాలక పటం అంచు కిందికి వేలాడింది. గోదావరి మీద ఒక వేలు పెట్టి, రెండో చేతిని హిమాలయాల మీదుగా పైకి, ఇంకా పైకి తీసుకుపోయాడు. అక్కడ మొదలైన దేశం బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. అక్కడి నదులు మన నదుల్లా తూర్పుకు పారవనీ, ఉత్తరానికి పోయి గడ్డకట్టిన సముద్రంలో కలుస్తాయనీ చెప్పాడు. రోజుల తరబడి నడిచినా తరగని తెల్లబెరడు చెట్ల అడవులు. ఆ అడవులు దాటితే చెట్టన్నదే లేని నేల, మోకాలి లోతు తవ్వితే గడ్డపారకు మంచు తగిలే నేల. ఎలుగుబంట్లు, తోడేళ్లు, చలికాలం రాగానే తెల్లబడే నక్కలు.

"మంచుల పులి గూడ ఉంటది" అన్నాడు.

"మంచుల పులా?" అని కొట్లోంచి మల్లయ్య గొంతు వినిపించింది. తన మీద కేసున్న సంగతి ఆ క్షణం మర్చిపోయినట్టున్నాడు.

"ఉంటది మల్లయ్యా. మనుషులు గూడ ఒక్క తీరు ఉండరు. మన ఆదిలాబాద్ అడవిల గోండులు, కోలాములు లేరా, గట్లనే ఒక్కో నదికి ఒక్కో జాతి, ఒక్కో బోలీ, ఎవరి మాట వాళ్లది. మనోళ్లు గొర్లను మలిపినట్టు కొందరు జింకల మందలను మలుపుతరు, తోళ్ల గుడారాలు యేసుకొని వాటెంట తిరుగుతరు. ఎండకాలం అక్కడ వారాల కొద్ది పొద్దు గూకదు. అప్పుడు బాతులు పాత ఈకలు రాల్చుకొని ఎగరలేక నీళ్లలనే ఉంటయి. చదువుకున్నోళ్లు వాటిని వలల పట్టి, కాళ్లకు నంబరు కడియం యేసి విడిచిపెడ్తరు. ఎటు పోతయో తెలుసుకోనీకె."

మల్లయ్య కొట్టు తలుపు దగ్గరికి జరిగాడు. "విడిచిపెట్టేదానికి ఎందుకు పట్టుడు సారూ?"

సబిన్‌స్పెక్టర్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. వెంటనే ముఖం బిగించి, "మీరు ఆ దేశం వెళ్లారా?" అని అడిగాడు. "లేదు సాబ్. నేను బొంబాయి గూడ చూడలే. చదివిన." "చదివింది నమ్మి మనిషిని వదలమంటారా?" ఆ మాటకు జహీర్ సార్ నా వైపు తిరిగాడు. ఉంగరం నా బల్ల మీదే, కాగితం పొట్లంలో ఉంది.

"బేటా, దీన్ని నువ్వు చదివినవా, చూసినవా?"

నాకు కోపం వచ్చింది. పొట్లం విప్పి ఉంగరాన్ని అరచేతిలో వేసుకున్నాను. అప్పుడు చూశాను, మొదటిసారి. అది ఉంగరంలా కలిసిపోయి లేదు, ఒకచోట రెండు కొసలూ ఆనుకుని సన్నటి గీత ఉంది. తెరిచి, దేనికో తొడిగి, పట్టకారుతో నొక్కి మూశారు. పైన గీతలు పడి మాసిపోయింది, లోపల మాత్రం అద్దంలా మెరుస్తోంది. ఏళ్ల తరబడి సన్నని కాలొకటి దాన్ని లోపల్నుంచి రుద్దింది. జహీర్ సార్ గేటు వైపు సైగ చేశాడు. ముందే చెప్పి ఉంచాడేమో, రాజవ్వ గంపలోంచి బతికున్న సూదితోక బాతును తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆయన చెప్పినట్టే నేను పట్టకారుతో కడియాన్ని తెరిచి దాని కాలికి తొడిగి మూశాను. అది హాయిగా అటూ ఇటూ తిరిగింది, పాదం దాటి కిందికి జారలేదు. బాతు కదలకుండా నన్నే చూస్తూ ఉంది.

నోరు మూసుకుని కూచోవచ్చు. లారీ మరునాడే. కానీ నేనే లేచి, "సార్, నేను రాసింది తప్పు" అన్నాను. నౌకరీలో అంతకుముందు గానీ తర్వాత గానీ అంత కష్టమైన వాక్యం పలకలేదు. సబిన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. చివరికి పూచీ ఎవరు పడతారని అడిగాడు. జహీర్ సార్ కలం అందుకుని సంతకం చేశాడు, ఇది అబద్ధమని తేలితే మల్లయ్యకు బదులు తనను పట్టుకోవచ్చునని. సాయంత్రానికి మల్లయ్య ఇంటికి పోయాడు. ఆ రోజు క్యాంపులో నేను తిన్న అన్నం రుచి ఇంకా గుర్తుంది, మూడు రోజుల తర్వాత మొదటిసారి గొంతు దిగిన అన్నం అది.

బొంబాయిలో పక్షుల సంగతులు చూసే సంఘం ఒకటి ఉందని, ఉత్తరం రాయమని జహీర్ సార్ నాకే చెప్పాడు. "నీకు ఇంగ్లీష్ వస్తది గద" అన్నాడు, ఎగతాళి లేకుండానే. ఎండలు ముదిరాక జవాబు వచ్చింది. ఆ దేశపు ఉత్తరాన ఒక నది చిత్తడిలో, మూడు వేసవుల కింద ఆ బాతుకు కడియం వేశారట. కడియం దొరికినవారే ఉంచుకోవచ్చునట, శ్రీ మల్లయ్య గారికి కృతజ్ఞతలు తెలపమని కూడా ఉంది. సబిన్‌స్పెక్టర్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకుని హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలాడు. నేను పోయి కడియాన్ని మళ్లీ పిల్ల మొలతాడుకు నా చేత్తోనే కట్టి వచ్చాను.

జహీర్ సార్ నౌకరీ కూడా నిలిచింది. ఆయన తెలుగు అక్షరాలు దిద్దుకుని, పిల్లల ముందే తప్పులు చేస్తూ, ఇంకా చాలా ఏళ్లు భూగోళం చెప్పాడు. రిటైరై ఆదిలాబాద్‌లో ఉండగా ఒకసారి పోయి కలిశాను. చాయ్ తాగుతూ, ఎప్పటినుంచో అడగాలనుకున్నది అడిగాను. "సార్, ఆనాడు రెండో పటం విప్పనే లేదు. అది ఏ దేశానిది?"

ఆయన నవ్వాడు. "పటం గాదు బేటా. బొంత. అండ్ల ఒక లుంగీ, నమాజు గుడ్డ. నన్ను గూడ లోపలేస్తరేమో, చలికాలం గద అని కట్టుకొని వచ్చిన."

ఆ సైకిల్ ఆ మధ్యాహ్నమంతా నా బల్లకు రెండడుగుల దూరంలోనే ఉంది. చుట్ట కొసన బొంత కుట్లు బయటికి కనబడుతూనే ఉండి ఉంటాయి. డైరీలో మాత్రం ఇప్పటికీ 'రెండు పటాలతో' అనే ఉంటుంది, అది నా చేతి రాతే. ఆ తర్వాత ఎన్ని వందల కాగితాలు రాశానో, ప్రతి కాగితానికీ ముందు కుర్చీలోంచి లేచి పోయి, రాయబోయేదాన్ని చేత్తో ముట్టుకుని వచ్చి కూచునేవాణ్ణి. తోటివాళ్లు చాదస్తం అనేవాళ్లు. అననిచ్చాను.